విశాఖ వెళ్తే ఎక్కడ తినాలి: కడప వాళ్ల కోసం ఒక లెక్క

ఎండాకాలం సెలవులు దగ్గర పడుతుంటే మా కడపలో చాలా ఇళ్లలో ఒకటే మాట: "ఈసారి వైజాగ్ పోదాం." ఇక్కడ ఎండ 43 డిగ్రీలు దాటి, మధ్యాహ్నం బయట అడుగు పెట్టలేని రోజుల్లో సముద్రపు గాలిని తలుచుకుంటేనే ప్రాణం లేచి వస్తుంది. తిరుమల ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు ముందే చూసుకుంటాం. లాడ్జి మాట్లాడుకుంటాం. కైలాసగిరి ఏ రోజు, అరకు ఏ రోజు అని కాగితం మీద రాసుకుంటాం. తిండి సంగతి మాత్రం ఎవరూ రాయరు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో చేపలకు కరువేముంది అనుకుంటాం.

రెండేళ్ల కిందట మే నెలలో మేమూ అలాగే వెళ్లాం. అమ్మ, నాయన, చెల్లెలు, ఇద్దరు పిల్లలు. మొదటి రోజు ఆర్కే బీచ్‌లో చీకటి పడేదాకా ఉండి, రోడ్డు దాటి ఒక పెద్ద హోటల్‌కు వెళ్లాం. అద్దాల గోడలు, లోపలి నుంచి చూస్తే సముద్రం, ఫోన్‌లో 4.4 రేటింగ్. వంజరం వేపుడు, చేపల పులుసు, రొయ్యల బిర్యానీ చెప్పాం. వేపుడు ముక్క అంచుల్లో గట్టిగా, లోపల నీళ్లు కారిన దూదిలాగా ఉంది. "మన మైలవరం చేపే దీనికన్నా మేలు కదరా" అంది అమ్మ. బిల్లు చూసి నాయన ఏమీ అనలేదు. అంతదూరం పెద్దవాళ్లను తీసుకెళ్లి సరైన భోజనం పెట్టలేకపోయానే అన్న బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటి నుంచి ఈ విషయం మీద మనసు పెట్టి తెలుసుకుంటూ వచ్చాను. తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట అర్థం చేసుకోవాల్సింది హోటల్ బతికే తీరు. హోటల్‌లో రుచి వంటవాడి చేతిలోనే ఉంటుందని మనం అనుకుంటాం. సగమే నిజం. ఆ హోటల్‌కు ఈరోజు వచ్చినవాడు మళ్లీ వస్తాడా, రాడా అన్నది మిగతా సగం. మన ఊళ్లో కారం దోసె బండినే చూడండి. ఎర్రకారంలో ఉప్పు ఒకరోజు ఎక్కువైతే మర్నాడు పొద్దునే నలుగురు ఆ మాట మొహం మీదే అంటారు. వారంలో రెండుసార్లు అలా జరిగితే పక్క బండికి మళ్లుతారు. బండాయనకు రోజూ వచ్చేవాళ్లే ఆధారం కాబట్టి పిండి, పప్పుల పొడి, కారం, దేనిలోనూ తేడా రానివ్వడు. బీచ్ రోడ్డులో సముద్రం కనిపించేలా కట్టిన హోటల్ పరిస్థితి వేరు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనలాంటివాళ్లు, మూడేళ్లకోసారో ఐదేళ్లకోసారో వచ్చేవాళ్లు. మనకు నచ్చకపోయినా రేపు రావాల్సింది మనం కాదు, ఇంకో ఊరి వాళ్లు. పైగా ఆ స్థలానికి అద్దె ఎక్కువ. ఆ డబ్బు రాబట్టాలంటే అద్దాలకు, లైట్లకు, బోర్డుకు ఖర్చు పెట్టాలి. వంటింటికి మిగిలేది తక్కువ.

బీచ్ పక్కన ఉన్నవన్నీ ఇలాంటివే అనడం లేదు. ఆదివారం రాత్రి విశాఖ కుటుంబాలే కిటకిటలాడే చోట్లు అక్కడా ఉన్నాయి. అక్కడి వాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నారంటే ఆ హోటల్ మన బండి లెక్కలోకే వస్తుంది. ఎక్కడున్నా సరే, చూడాల్సింది ఆ ఒక్క విషయమే.

దాన్ని కొత్త ఊళ్లో ఎలా కనిపెట్టాలి? మనందరం చేసే పని ఎవరినైనా అడగడం. కానీ అడిగే తీరులోనే తప్పు జరుగుతుంది. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అంటే ఎదుటివాడు తనకు నచ్చేది చెప్పడు, మనకు నచ్చుతుందని తను అనుకున్నది చెబుతాడు. విశాఖ నుంచి ఎవరైనా వచ్చి మనల్ని ఏడురోడ్ల కూడలిలో ఆపి ఇదే ప్రశ్న అడిగితే మనమూ అంతే. కుటుంబంతో ఉన్నారు కదా అని ఏదో ఏసీ హోటల్ చూపిస్తాం. పొద్దున మనం తిన్న బండి పేరు నోటికి రాదు, చెబితే చిన్నతనంగా ఉంటుందేమో అనిపిస్తుంది. అదే మనిషి "అన్నా, పొద్దున నువ్వు ఏం తిన్నావు, యాడ తిన్నావు?" అని అడిగితే ఆ బండికి దారి కూడా చెబుతాం.

మర్నాడు పొద్దున లాడ్జి వాచ్‌మన్‌ను నేను అలాగే అడిగాను. అరవై దాటిన మనిషి. "నేనా బాబూ? వెనక సందులో మెస్సుంది. ఏసీ గట్రా ఉండదు, మీకు నచ్చుతాదో లేదో" అన్నాడు. ఆటో డ్రైవర్లను కూడా ఇలాగే అడగొచ్చు. ఒక్క జాగ్రత్త: మనుషులను తెచ్చినందుకు ఆటోవాళ్లకు కమీషన్ ఇచ్చే హోటళ్లు యాత్రా స్థలాల్లో ఉంటాయి. "మంచి హోటల్‌కు తీసుకెళ్లు" అన్నామంటే ఆ దారి మనమే తెరిచినట్టు. "మీరు మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తారు?" అంటే అక్కడ కమీషన్‌కు చోటు లేదు.

ఆ మెస్సులో నాకు అసలు పాఠం దొరికింది. వడ్డిస్తున్న పెద్దమ్మను చందువా వేపుడు ఉందా అని అడిగాను. "చందువా లేదు బాబూ, ఇప్పుడు వేట లేదు కదా. తెప్పలోళ్లు తెచ్చిన నెత్తళ్లున్నాయి, కవళ్లున్నాయి" అంది. వేట లేకపోవడమేమిటో నాకు అప్పటిదాకా తెలియదు.

తూర్పు తీరమంతా ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, సముద్రంలో వేట నిషేధం. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలం కాబట్టి ఆ రెండు నెలలు మర బోట్లు, ఇంజన్ పడవలు ఒడ్డునే ఉండాలి. ఇంజన్ లేని తెప్పలకు, నాటు పడవలకు మాత్రమే మినహాయింపు. వేటకు వెళ్లని ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి కూడా ఇస్తుంది. మన పిల్లల సెలవులు ఎప్పుడు? ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. అంటే సీమ నుంచి కుటుంబాలు సముద్రం చూడటానికి వెళ్లే రోజులన్నీ సముద్రం నుంచి పెద్ద చేప దాదాపు రాని రోజులే! ఇంత చిన్న విషయం తెలియక ఎన్ని కుటుంబాలు మాలాగే నిరాశ పడి తిరిగొచ్చాయో అనిపించింది.

ఆ రోజుల్లో కూడా పెద్ద హోటల్ మెనూలో వంజరం, చందువా, పీతలు అన్నీ ఉంటాయి. అవి ఎక్కడివి? చాలావరకు నిషేధానికి ముందు పట్టి ఐస్‌లో, కోల్డ్ స్టోరేజీలో దాచినవి, లేదా వేరే తీరం నుంచి వచ్చినవి. సరిగ్గా గడ్డకట్టించి, సరిగ్గా కరిగిస్తే అలాంటి చేప కూడా చెడ్డదేమీ కాదు. కానీ కరిగించి, మిగిలింది మళ్లీ గడ్డకట్టిస్తే కండలోని నీరంతా పోయి దూదిలాగా తయారవుతుంది. మా పళ్లెంలోకి వచ్చింది అదేనని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

కాబట్టి హోటల్‌లో కూర్చోగానే మెనూ తెరవకుండా ఒక మాట అడగండి: "ఈరోజు ఏం వచ్చాయి అన్నా?" జవాబులో రెండు మూడు పేర్లు చెప్పి, ఫలానాది లేదని అంటే ఆ చోటును నమ్మొచ్చు. లేదు అని చెప్పగలిగిన హోటల్ పొద్దున బజారుకు వెళ్లి వచ్చిన హోటల్. "అన్నీ ఉన్నాయి సార్" అన్నారంటే ఆ అన్నీ ఫ్రీజర్‌లో ఉన్నట్టు.

వేట సాగే నెలల్లో కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వాయుగుండం, తుపాను హెచ్చరికలు వచ్చినప్పుడు బోట్లు కదలవు. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఇది తరచూ జరుగుతుంది. "మత్స్యకారులు వేటకు వెళ్లవద్దు" అని టీవీలో రెండు మూడు రోజులుగా చెబుతున్నారంటే ఆ వారం చేప మీద ఆశ పెట్టుకోకుండా కోడికూర తినడం మంచిది. జూన్ 15 నుంచి బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగుతాయి. ఆ తర్వాత వారాల్లో ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం చూడటం కూడా ఒక అనుభవమే. గోవా, మంగళూరు వైపు వెళ్లేవాళ్లకు లెక్క మారుతుంది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. చెన్నై, పుదుచ్చేరి వెళ్లేవాళ్లకు మాత్రం విశాఖ తేదీలే.

చేపల పేర్లు మనకు పెద్దగా తెలియకపోవడం ఇంకో చిక్కు. కడపలో మనం తినేది ఎక్కువగా చెరువు చేప, రిజర్వాయర్ చేప: శీలావతి, బొచ్చె, కొరమీను. సముద్రం పేర్లు రెండో మూడో వినుంటాం. అందుకే "ఫిష్ ఫ్రై", "అపోలో ఫిష్" అని చెప్పేసి ఊరుకుంటాం. ముల్లు లేకుండా ముక్కలుగా వచ్చే ఈ వంటకాలకు చాలాచోట్ల వాడేది బాసా లేదా కొరమీను. రెండూ మంచినీటి చేపలే. సముద్రం ఎదురుగా కూర్చుని చెరువు చేప తిని వస్తామన్నమాట. కనుక పేరు పెట్టి అడగాలి. మనం వంజరం అనేదాన్ని విశాఖ వైపు కోనాం అని కూడా అంటారు. ముల్లు తక్కువ, ముక్క దిట్టంగా ఉంటుంది, వేపుడుకు బాగుంటుంది, ధర ఎక్కువ. చందువా మెత్తన, పిల్లలకు ఇష్టం. పండుగప్ప పులుసుకు మంచిది. ఇవి మూడూ పెద్దింటి చేపలు. ఒడ్డున ఉండేవాళ్లు రోజూ తినేవి నెత్తళ్లు, కవళ్లు, కనగుర్తలు. ధర తక్కువ, రుచి గాఢంగా ఉంటుంది, ముళ్లు మాత్రం చూసుకోవాలి. కనగుర్త శాస్త్రీయ నామంలోనే మన తెలుగు మాట ఉంది: రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలను వర్ణిస్తూ 1803లో అచ్చు వేయించిన పుస్తకంలో జాలర్ల నోటి పేరునే రాశాడు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఆ పేరునే ఉంచారు. ఇంత చరిత్ర ఉన్న చేప, విశాఖ వెళ్లి ఒక్కసారైనా తినకుండా రావొద్దని నా కోరిక.

కనగుర్త, సూర (టూనా) లాంటివి తినేటప్పుడు ఒక హెచ్చరిక. పట్టిన దగ్గరి నుంచి చల్లగా ఉంచకపోతే వీటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఎంత వేయించినా, ఎంత ఉడికించినా అది పోదు. ముక్క నోట్లో పెట్టగానే నాలుక మీద మిరియం నలిగినట్టు చురుక్కుమంటే అది మసాలా ఘాటు అనుకోకుండా పక్కన పెట్టేయండి. మొహం ఎర్రబడటం, దురద, తలనొప్పి వస్తే వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి.

పులస గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు చెప్పి డబ్బులు తీసుకునేవాళ్లు ఉన్నారు. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వానాకాలంలో గోదావరికి కొత్త నీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదిన తర్వాతే పులస. మే నెలలో, సముద్రపు ఒడ్డున, పులస పులుసు అని బోర్డు కనిపిస్తే ఆ హోటల్‌లో మిగతా పేర్లు కూడా నమ్మనక్కర్లేదు. ఇక రొయ్యలంటారా, హోటళ్లలో వచ్చేవి ఎక్కువగా చెరువుల్లో పెంచిన వనామీ. వేట ఉన్నా లేకున్నా దొరుకుతాయి కాబట్టి ఎండాకాలంలో వెళ్లేవాళ్లకు అవే నయం.

ఇప్పుడు ఫోన్ రేటింగుల సంగతి. 4.4 అన్న అంకెను చూసి నేను ఎందుకు మోసపోయాను? ఆ అంకె తప్పేమీ కాదు, నేను దాన్ని చదివిన తీరు తప్పు. ఆ హోటల్ కింద రాసినవాటిని తర్వాత కూర్చుని చదివాను. "వ్యూ అద్భుతం", "ఫొటోలకు బాగుంది", "పిల్లలు ఎంజాయ్ చేశారు." చేప రుచి గురించి రాసినవాళ్లు చాలా తక్కువ. వాళ్లు నక్షత్రాలు ఇచ్చింది సముద్రానికి! అందుకే నేనిప్పుడు మొత్తం అంకెను వదిలేసి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చూస్తాను. ఐదు ఇచ్చినవాళ్లలో సంతోషం, ఒకటి ఇచ్చినవాళ్లలో కోపం ఎక్కువ. మూడు ఇచ్చినవాళ్లు ఏది బాగుంది, ఏది బాగోలేదు అని విడదీసి చెబుతారు. తెలుగులో రాసినవి, "నెలకోసారి వస్తాం" లాంటి మాటలు ఉన్నవి మరింత పనికొస్తాయి. జనం పెట్టిన ఫొటోల్లో ధరల బోర్డు కూడా దొరుకుతుంది.

మ్యాప్‌లో ఇంకొకటి ఉంటుంది, చాలామంది చూడరు. ఏ రోజు, ఏ గంటలో ఎంత రద్దీ ఉంటుందో చూపించే గీతలు. మంగళవారం, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు గీతలు పొడుగ్గా ఉంటే అక్కడ తినేవాళ్లు ఆ చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు. శని, ఆదివారాల సాయంత్రం మాత్రమే పెరిగితే అది ఎక్కువగా బయటి నుంచి వచ్చేవాళ్ల హోటల్. ద్వారకానగర్, సిరిపురం, ఎంవీపీ కాలనీ వైపు ఒకసారి ఇలా వెతికి చూడండి. బీచ్ నుంచి ఆటోలో కాసేపటి ప్రయాణం, అంతే. డెలివరీ యాప్‌లో రేటింగ్‌ను మాత్రం హోటల్‌లో కూర్చుని తినడానికి లెక్కలోకి తీసుకోకండి. అందులో ప్యాకింగ్, తెచ్చిన కుర్రాడి ఆలస్యం అన్నీ కలిసి ఉంటాయి. రీల్స్‌లో హోటళ్లను చూపించేవాళ్లు అందుకు డబ్బులు తీసుకుని ఉంటే ఆ సంగతి చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు తెచ్చింది. చెప్పనివాళ్లూ ఉన్నారు.

రేటింగులతో ఇంకో ఇబ్బంది నాలుకది. మన సీమ వాళ్లు విశాఖ హోటళ్ల గురించి రాసినవి చదివితే "కారం లేదు", "చట్నీ తియ్యగా ఉంది" అని తరచూ కనిపిస్తుంది. అక్కడి అల్లం చట్నీలో బెల్లం వేస్తారు. అది లోపం కాదు, వాళ్ల పద్ధతి. ఆవ పెట్టిన కూరలు, నువ్వుల పొడి వేసిన కూరలు, పెసరట్టులో ఉప్మా పెట్టుకోవడం, దిబ్బరొట్టె, ఇవన్నీ వాళ్ల రోజువారీ తిండి. శెనక్కాయల చట్నీకి, ఎర్రకారానికి అలవాటుపడిన మన నాలుకకు మొదటి రోజు చప్పగా అనిపిస్తుంది. రెండో రోజుకు సర్దుకుంటుంది. మా నాయన మూడో రోజు పొద్దున తనంతట తానే ఇంకో పెసరట్టు తెప్పించుకున్నాడు. అక్కడికి వెళ్లి సంగటి, నాటుకోడి పులుసు వెతకడం వద్దని నా అభిప్రాయం. అవి ఇంటికొచ్చాక ఎలాగూ తింటాం. బీచ్‌లో అమ్మే మూరి మిక్స్చర్, మనం ఇంటికి తెచ్చుకోదగ్గ మాడుగుల హల్వా, ఇవి మాత్రం వదలకండి.

ఏ పూట ఏం తినాలన్నది కూడా ఒక లెక్కే. చేపలు ఒడ్డుకు చేరేది పొద్దున, కాబట్టి వేపుడు మధ్యాహ్నం భోజనంలోనే తినాలి. రాత్రికి పులుసు మిగిలి ఉంటే భయపడనక్కర్లేదు. చింతపండు పులుసులో ముక్క ఊరితే రుచి పెరుగుతుందని మన ఇళ్లలోనూ తెలుసు.

బిల్లు దగ్గర టెన్షన్ పడకుండా ఉండాలంటే కొన్ని మాటలు ముందే మాట్లాడుకోవాలి. మెనూలో చేపకు ధర బదులు "సైజును బట్టి" అని ఉంటే, బరువు ఎంత, శుభ్రం చేయకముందా తర్వాతా, మొత్తం ఎంత అవుతుంది అని వండకముందే అడగండి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. గది అద్దె 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం పడుతుంది. సర్వీస్ చార్జి అని విడిగా కలిపితే తీసేయమని అడిగే హక్కు మనకుంది. బిల్లులో దాన్ని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వినకపోతే 1915 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. బిల్లు మీద ఫుడ్ సేఫ్టీ లైసెన్స్ 14 అంకెల నంబర్ ఉండాలి. తిన్న తర్వాత కడుపులో ఏదైనా తేడా వస్తే ఫిర్యాదుకు అదే ఆధారం, కనుక బిల్లు పారేయకండి.

మేము తిరిగి రైలెక్కే రోజు ఆ మెస్సుకు మళ్లీ వెళ్లాం. పెద్దమ్మ మమ్మల్ని గుర్తుపట్టి, "జూలైలో రండి బాబూ, అప్పుడు కోనాం పెడతాను" అంది. ఈ ఏడు పిల్లల సెలవుల్లో ఎక్కడికీ వెళ్లలేదు. జూలై చివరి వారంలో నాలుగు రోజులు స్కూల్ మానిపించి తీసుకెళ్దామని అమ్మే అంది. టికెట్లు తీసేశాను.